నాయన, తాళాల మామ, మా వ్యాసర్పాడి సంఘం

మద్రాసు తెలుగు క్రైస్తవుల గురించి ఎవరు మాట్లాడినా వేపేరి దగ్గర మొదలుపెడతారు. పెద్ద చర్చీలు, మిషన్ బంగళాలు, బడులు అటువైపే ఉన్నాయి కాబట్టి అందులో తప్పేమీ లేదు. నా జ్ఞాపకాలు మాత్రం రైలు పట్టాలకు అవతల, వ్యాసర్పాడిలో ఉన్నాయి. 1970ల్లో మా సంఘమంటే ఒక రేకుల షెడ్డు. ఎర్ర సిమెంటు నేల, ముందు గోడకు చెక్క సిలువ. బెంచీలు లేవు, చాపలే. ఒకవైపు మగవాళ్ళు, ఇంకోవైపు ఆడవాళ్ళు, ముందు పిల్లలం. సగం మంది కార్పొరేషన్‌లో పారిశుధ్య పని చేసేవాళ్ళు. కొందరు పెరంబూరు ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, కొందరు మిల్లులో. ఒంగోలు, కందుకూరు, నెల్లూరు వైపు పల్లెల నుంచి తాతల నాడో తండ్రుల నాడో వచ్చినవాళ్ళం. వీధిలో తమిళం, ఇంట్లో తమిళం కలిసిన తెలుగు, మోకాళ్ళ మీద మాత్రం అచ్చ తెలుగు.

యేసుప్రభువుకు నమ్మకంగా బతకడమంటే ఏమిటో నేను ఆ చాపల మీదే నేర్చుకున్నాను. ముఖ్యంగా ఇద్దరిని చూసి. ఒకరు మా నాయన. ఇంకొకరు మా పక్కింటి మామ. ఒక్క విషయంలో ఆ ఇద్దరూ చెరో దారి పట్టారు. ఇద్దరూ ప్రభువు మనుషులే అని నేను మనసారా నమ్ముతాను.

ముందు మా నాయనమ్మ సంగతి చెప్పాలి. మా వీధికి కాస్త దూరంలో బకింగ్‌హామ్ కాలువ పారేది. పారేదంటే, నల్లగా నిలబడి ఉండేది. మేం పిల్లలం ముక్కు మూసుకుని పరుగెత్తేవాళ్ళం. నాయనమ్మ మాత్రం కొంగు సర్దుకుని, అక్కడ ఒక నిమిషం ఆగి, "ఇది మా తాత తవ్విన కాలవ" అనేది. ఆమె తాత తవ్వింది ఇక్కడ కాదు, ఒంగోలు దగ్గర. 1876 నుంచి 1878 దాకా వచ్చిన ధాత కరువులో జనం పురుగుల్లా రాలిపోతుంటే, ఒంగోలు మిషన్‌లో ఉన్న క్లౌ దొర ఆ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని మన పల్లెల వాళ్ళకు పని ఇచ్చాడు. తట్టకింత అని కూలి. ఆ కూలితోనే ఎన్నో ఇళ్ళల్లో పొయ్యి వెలిగింది.

నాయనమ్మ గొంతు పెరిగేది ఆ తరవాతి మాట దగ్గర. కరువు పని నడిచినన్నాళ్ళు వందల మంది వచ్చి బాప్తిస్మం అడిగారట. దొర ఇవ్వనన్నాడు. కూటి కోసం వచ్చారన్న మాట రాకూడదని, కరువు సాయం పూర్తిగా ఆగేదాకా నెలల తరబడి ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగింది. ఇక వీళ్ళు రారు అనుకున్నవాళ్ళంతా చూస్తుండగా జనం మళ్ళీ వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు, మర్నాడు కూడా కలిపితే మూడున్నర వేలు దాటారు. "కూలి అయిపోయాక వచ్చినోళ్ళమే మనం. అది మర్చిపోమాక" అనేది నాయనమ్మ. తన తాత ఆ నీళ్ళలో దిగినవాడని ఆమె చెప్పుకునేది. మా ఇంట్లో అంతకంటే పెద్ద ఆస్తి లేదు.

అంతకు ముందు సంగతి నాయన చెప్పేవాడు. తెలుగువాళ్ళ మధ్య అమెరికా బాప్టిస్టుల పని నెల్లూరులో మొదలై ఏళ్ళు గడిచినా ఫలితం కనపడలేదు. 1853లో ఒకసారి, 1862లో ఇంకోసారి దాన్ని మూసేద్దామని అమెరికాలో పెద్దలు ఆలోచించారు. 1862లో లైమన్ జూవెట్ దొర వాళ్ళ ముందు నిలబడి, మీరు సాయం చెయ్యకపోతే నేనొక్కడినే తిరిగి వెళ్తాను, అవసరమైతే తెలుగువాళ్ళ మధ్యే చచ్చిపోతాను అన్నాడు. పని ఆగలేదు. ఆ జూవెటే 1878లో మద్రాసుకు వచ్చి ఇక్కడి తెలుగువాళ్ళ మధ్య పని మొదలుపెట్టాడు. "ఆయన లెక్కలు చూసుకుని ఉంటే మనకు వాక్యం ఎవరు చెప్పేవాళ్ళు?" అని నాయన అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు, సైకిలు తుడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు.

నాయన ఐసీఎఫ్‌లో వెల్డరు. 1955లో ఆ ఫ్యాక్టరీ మొదలయ్యాక పని కోసం మద్రాసు చేరిన తరం. వారమంతా నీలం యూనిఫారం, ఆదివారం తెల్ల చొక్కా. సండే స్కూలు చెప్పేది ఆయనే. ఆయన దగ్గర బొమ్మల చార్టులు లేవు, ఫ్లానెల్ బోర్డు లేదు. కథ చెప్పేటప్పుడు చేతులు మాత్రం ఊరికే ఉండేవి కావు. వెల్డింగు రవ్వలు పడి మచ్చలు పడ్డ చేతులు.

మాకు ఆయన ఎక్కువగా చెప్పింది స్ముర్న పట్టణపు పోలికార్పు గురించి. యేసు శిష్యుడు యోహాను దగ్గర నేర్చుకున్నవాడని చెప్పుకునే ముసలాయన, ఆ సంఘానికి బిషప్పు. క్రీ.శ. 155 ప్రాంతంలో ఆయన్ని పట్టుకొచ్చి, జనం కిక్కిరిసిన మైదానంలో నిలబెట్టి, క్రీస్తును తిట్టు, వదిలేస్తాను అన్నాడు రోమా అధికారి. అప్పుడాయన అన్న మాట నాయన లేచి నిలబడి చెప్పేవాడు: "86 ఏళ్ళుగా ఆయన్ని సేవించాను. ఆయన నాకు ఏ అన్యాయమూ చెయ్యలేదు. నన్ను రక్షించిన నా రాజును ఎట్లా దూషించను?" తరవాత మమ్మల్ని ప్రకటన గ్రంథం తీయమనేవాడు. అదే స్ముర్న సంఘానికి ప్రభువు ముందే పంపిన మాట ఉంది కదా, "మరణమువరకు నమ్మకముగా ఉండుము. నేను నీకు జీవకిరీటమిచ్చెదను." అది మా అందరికీ కంఠతా.

పెద్ద పిల్లలమయ్యాక నాకొకటి తోచింది. పోలికార్పు తన బలం గురించి ఏమీ చెప్పుకోలేదు. నేను గట్టివాణ్ణి, నేను భయపడను అనలేదు. ఆయన నాకు అన్యాయం చెయ్యలేదు అన్నాడు, అంతే. అన్నేళ్ళు కలిసి బతికినవాడి గురించి చెప్పే మాట అది. అన్నేళ్ళ కాపురం తరవాత మా అమ్మ నాయన గురించి అలాగే చెప్పేది. నాకు ఈ రోజుకీ భక్తి అంటే అదే అనిపిస్తుంది. ఆవేశం కంటే ముందు అలవాటు, పరిచయం, కలిసి తిన్న ఉప్పు.

ఒక సెలవు రోజున నాయన సండే స్కూలు పిల్లలందరినీ పరంగిమలైకి, అదే సెయింట్ థామస్ మౌంట్‌కు, తీసుకెళ్ళాడు. సెంట్రల్‌లో దిగి, రోడ్డు దాటి పార్క్ స్టేషన్లో కరెంటు రైలెక్కాం. బాప్టిస్టు పిల్లల్ని క్యాథలిక్కుల కొండకు తీసుకెళ్ళడమేంటని సంఘంలో ఒకరిద్దరు సణిగారు. ప్రభువు శిష్యుడు తోమా ఎవరికి చుట్టం కాడు? అన్నాడు నాయన. ఆ కొండ మీదే క్రీ.శ. 72లో ఈటెతో పొడిచి తోమాను చంపారని తరతరాల నమ్మకం. పైన గుడిని 1523లో పోర్చుగీసు వాళ్ళు కట్టారు. బలిపీఠం దగ్గర పాత పహ్లవీ (పర్షియా) అక్షరాలు చెక్కిన రాతి సిలువ ఉంది. మేం మెట్లెక్కి ఆయాసపడుతుంటే, నాయన చెట్టు నీడన కూర్చోబెట్టి అడిగాడు: "తోమా అనగానే ఏం గుర్తొస్తది?" అనుమానం అన్నాం అందరం. నాయనకు కోపం వచ్చినంత పనైంది. యోహాను సువార్త పదకొండో అధ్యాయం తీయించాడు. యూదయకు వెళ్తే రాళ్ళతో కొడతారని శిష్యులందరూ వెనకాడుతుంటే, "ఆయనతోకూడ చనిపోవుటకు మనమును వెళ్లుదము" అన్నది తోమా. "ఈ మాట అన్నోడిని పట్టుకుని రెండు వేల ఏళ్ళుగా అనుమానపు తోమా అంటారు. చివరికి చూడండి, అందరికంటే ఎంత దూరం వచ్చాడో" అని కింద కనపడుతున్న మద్రాసు వైపు చెయ్యి చూపించాడు. విమానాశ్రయంలో ఒక విమానం దిగుతోంది. పిల్లలందరూ దాన్ని చూశారు. నాయన ఏమీ అనలేదు, అది దిగిందాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టాడు.

మా వైపు పెద్దలందరికీ ఇష్టమైన ఇంకొకరి సంగతి వినకుండా పెరిగినవాళ్ళు ఆ రోజుల్లో లేరు. వేపేరి రిథర్డన్ రోడ్డులో 1941లో యెహోవా షమ్మా సంఘం మొదలుపెట్టిన భక్త్ సింగ్ గారు. పంజాబు సిక్కు కుటుంబంలో 1903లో పుట్టినవారు. ఇంగ్లండులో చదివి, కెనడాలో ప్రభువును తెలుసుకుని, 1933లో బొంబాయిలో ఓడ దిగారు. తల్లిదండ్రులు కలవడానికి వచ్చారు. సరే, నీ విశ్వాసం నీది, కానీ ఇంటి పరువు కోసం బయటికి చెప్పకు అన్నారు. దాచలేనన్నారు ఆయన. వాళ్ళు ఆయన్ని అక్కడే వదిలి వెళ్ళిపోయారు. నాయన ఆ సంఘానికి చెందినవాడు కాదు గానీ ఆ బొంబాయి రేవు కథ చెప్పేటప్పుడు గొంతు మారిపోయేది. అంత చదువుకున్న కొడుకును వదిలి వెళ్ళిన తల్లి మనసెలా ఉండిందో అని కూడా అడిగేవాడు. ఆ ప్రశ్న వేరే ఎవరూ అడగగా నేను వినలేదు.

ఈ కథలన్నీ మాకు కథలే. 1980ల మొదట్లో ఒక రోజు అవి మా ఇంటికి వచ్చాయి.

ప్లస్ టూ అయ్యాక టీచర్ ట్రైనింగు చెయ్యాలని నాకు గట్టి కోరిక. కమ్యూనిటీ సర్టిఫికెట్టు కోసం నాయనా నేనూ ఒక ఆఫీసుకు వెళ్ళాం. అక్కడి గుమాస్తా నెమ్మదైన మనిషి, తెలుగు తెలిసినవాడు. నాయనను కూర్చోబెట్టి, గొంతు తగ్గించి చెప్పాడు. "అయ్యా, మీది ఒంగోలు వైపు. ఆది ఆంధ్ర అని రాసిస్తా. మతం దగ్గర హిందూ అని పెట్టండి చాలు. చర్చికి పోవద్దని మిమ్మల్నెవరూ అనరు. అమ్మాయికి ట్రైనింగు సీటు, స్కాలర్‌షిప్పు, హాస్టలు అన్నీ వస్తాయి." మంచి మనసుతోనే చెప్పాడు. ఆయన మీద నాకు ఇప్పటికీ గౌరవమే.

తెలియనివాళ్ళ కోసం చెప్పాలి. ఆది ఆంధ్ర అనేది షెడ్యూల్డ్ కులాల్లో ఒకటి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హక్కులు హిందువులకే. 1956లో సిక్కులను చేర్చారు, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుణ్ణని రాసుకున్నవాడికి ఆ హక్కులు లేవు. తమిళనాడులో వాళ్ళను వెనకబడిన తరగతుల్లో లెక్కపెడతారు. ఊళ్ళో మాత్రం బావి దగ్గర, టీ కొట్టు దగ్గర ఎవరూ మతం గడి చూసి మర్యాద పెంచలేదు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన మా పేట ఇంకో చోటికి పోలేదు. అందుకే మా సంఘంలో చాలామందికి రెండు పేర్లు. చర్చి రిజిస్టరులో ఒకటి, ఆఫీసులో ఒకటి.

నాయన చాలాసేపు కాగితం వంక చూశాడు. తరవాత గుమాస్తాతో అన్నాడు: "ఆయన నన్ను ఎవరి దగ్గరా దాచలేదయ్యా. నేనాయన్ని ఎట్లా దాచేది?" పెన్ను అడిగి తీసుకుని, ఆ గడిలో తనే రాశాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు కష్టం. ఒక్కొక్కటే కూడబలుక్కుంటూ క్రిస్టియన్ అని రాశాడు.

బయటికొచ్చాక చాలా దూరం మాట్లాడలేదు. బస్ స్టాప్ దగ్గర నాతో అన్న మాట ఇది: "నీకు కోపం వస్తే నా మీద చూపించమ్మా. ఆయన మీద చూపించమాక."

నాకు సీటు రాలేదు. పురసవాక్కంలో టైపు, షార్ట్‌హ్యాండు నేర్చుకుని, మౌంట్ రోడ్డులో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాను. చివరిదాకా అక్కడే పనిచేశాను. నాయన చేసినలాంటి పనికి ఫలానా ఆశీర్వాదం వచ్చింది అని చెప్పే సాక్ష్యాలు చాలా వింటాం. నా దగ్గర అలాంటిదేమీ లేదు. పోయింది పోయినట్టే ఉంది. అమ్మ ఆ వారమంతా నాయనకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. నాయన పెట్టింది తిని, ప్రార్థన చేసుకుని, డ్యూటీకి వెళ్ళాడు.

ఇక మామ. అమ్మ ఆయన్ని అన్నయ్యా అని పిలిచేది కాబట్టి మాకు మామ. సంఘంలో పిల్లలందరికీ తాళాల మామ, ఎందుకంటే చర్చి తాళం ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉండేది. కార్పొరేషన్‌లో పారిశుధ్య కార్మికుడు. చీకటితోనే చీపురు, బండి తీసుకుని బయలుదేరేవాడు. ఆదివారం కూడా పని ముగించుకుని, కొళాయి దగ్గర తల నిండా స్నానం చేసి, అందరికంటే ముందు వచ్చి తలుపు తీసేవాడు. నేల ఊడ్చి, చాపలు పరిచి, ఒక్కో చాప అంచు కాలితో కాదు, చేత్తో సరిచేసేవాడు. వారమంతా ఊరి చెత్త ఎత్తిన చేతులు, ప్రభువు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచేటప్పుడు ఎంత నెమ్మదిగా కదిలేవో నాకిప్పటికీ కళ్ళకు కడుతుంది.

మామ ఆఫీసులో హిందూ అని రాసుకున్నవాడు. పిల్లలకూ అలాగే రాయించాడు. చనిపోయిన చెల్లెలి పిల్లల్ని కూడా తనే పెంచాడు. ఆ స్కాలర్‌షిప్పులు లేకపోతే వాళ్ళు హాస్టల్ ముఖం చూసేవాళ్ళు కాదు. ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు. నెలనెలా మొదటి ఆదివారం బల్ల ఉండేది, అంటే ప్రభువు చివరి విందును తలుచుకుని రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. గ్లాసులు కడిగేది, రొట్టె పళ్ళెం సర్దేది మామే. పళ్ళెం తన దాకా వస్తే మాత్రం ముట్టకుండా పక్కవాడికి అందించేవాడు. ఎన్నేళ్ళు అలా గడిచాయో తెలియదు. తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేవాడు కాబట్టి ఎవరూ గమనించలేదు. నాయన గమనించాడు.

నా సర్టిఫికెట్టు సంగతి సంఘమంతా పాకింది. నాయనను పొగిడారు. అదే ఊపులో సంఘ కూటంలో ఒక పెద్దమనిషి లేచి, కాగితం మీద ప్రభువును ఎరుగనని రాసినవాళ్ళకు బల్ల ఇవ్వకూడదని తీర్మానం పెట్టాడు. కొందరు ఆమేన్ అన్నారు. చాలామంది తల దించుకున్నారు. నేను ఆడవాళ్ళ వైపు వెనక కూర్చుని ఉన్నాను. మా పాస్టరు అయ్యగారు ఏం చెప్పాలో తెలియక నాయన వైపు చూశారు. ఆ మాట అనడానికి హక్కు ఎవరికైనా ఉంటే నాయనకే ఉందని అందరికీ తెలుసు.

నాయన లేచాడు. మామూలుగా సండే స్కూల్లో చెప్పినట్టే చెప్పాడు, గొంతు పెంచలేదు. "పేతురు ఆయన్ని ఎరుగనన్నాడు. కాగితం మీద కాదు, నోటితో అన్నాడు, ఒట్టు పెట్టుకుని మరీ అన్నాడు. ఆ తరవాత ప్రభువు ఏం చేశాడు? సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టి, రండి భోజనం చెయ్యండి అని పిలిచాడు. వాళ్ళు తిన్న తరవాతే అడిగాడు, నన్ను ప్రేమిస్తున్నావా అని. ముందు పెట్టాడు, తరవాత అడిగాడు. మనం అడగడం ముందు పెట్టుకుని, కంచం లాక్కుంటామా?" ఎవరూ మాట్లాడలేదు. "నేను రాసింది ఆయనకూ నాకూ మధ్య. ఆయన నన్నడిగాడు, నేను చెప్పాను. దాన్ని తీసుకొచ్చి ఇంకొకరి బల్ల ముందు అడ్డం పెట్టకండి. ఈ కష్టం తెచ్చింది వీళ్ళు కాదు. ఆకలికీ ప్రభువుకూ మధ్య మనిషిని నిలబెట్టిన చట్టం అది."

తీర్మానం పోయింది. ఆ ఆదివారం బల్ల పళ్ళెం తిప్పే వంతు నాయనది. మామ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మామ పక్కవాడి వైపు చెయ్యి చూపించాడు. నాయన కదల్లేదు. పాట ఒక చరణం అయిపోయి రెండోది మొదలైంది. మామ తీసుకున్నాడు.

నాకు ఆ రోజు అర్థమైనంత స్పష్టంగా ఏ ప్రసంగంలోనూ పేతురు కథ అర్థం కాలేదు. ప్రేమిస్తున్నావా అని ప్రభువు అడిగిన ప్రతిసారీ, అవునన్న జవాబు వెంట ఒక పని అప్పజెప్పాడు. నా గొర్రెపిల్లలను మేపు, నా గొర్రెలను కాయు, నా గొర్రెలను మేపు. ఎక్కడా నిరూపించు అనలేదు. ఆ పని మామ నాకు తెలిసినప్పటి నుంచీ చేస్తూనే ఉన్నాడు. మా సంఘంలో ఒక ముసలావిడకు టి.బి. వచ్చినప్పుడు, సొంతవాళ్ళే గుమ్మం దగ్గర ఆగిపోయిన రోజుల్లో, ఆసుపత్రికి రోజూ గంజి క్యారియరు తీసుకెళ్ళింది ఆయనే. డ్యూటీ అయిన ఒంటితో, బస్సు కోసం నిలబడి. ఆమెకు పళ్ళు లేవని గంజిలో మెత్తగా పిసికిన అన్నం కలిపి తాగించేవాడు. నవంబరు వానలకు మా వ్యాసర్పాడి మునగడం మామూలే. గణేశపురం సబ్‌వే నిండిందంటే ఊరితో సంబంధం తెగినట్టే. అలాంటి రాత్రి చర్చి తలుపు తీసి, చాపలన్నీ పరిచి, మనవాళ్ళు పరాయివాళ్ళు అని చూడకుండా వీధినంతా లోపల పడుకోబెట్టేవాడు. స్త్రీల సమాజం వాళ్ళు పూటపూటా దేవుడి కోసం తీసి పెట్టిన గుప్పెడు బియ్యం ఒక డబ్బాలో ఉండేది. అది అయ్యగారి జీతంలోకి పోవాలి. మామ ఎవరినీ అడక్కుండా దాన్ని పొయ్యి మీద పెట్టాడు. తరవాత లెక్క అడిగితే, "ఆయన గొర్రెలే తిన్నాయి" అన్నాడు. నాకు తెలిసి మామ వాక్యం ఎత్తి చెప్పింది ఆ ఒక్కసారే.

"మిక్కిలి కొంచెములో నమ్మకముగా ఉండువాడు ఎక్కువలోను నమ్మకముగా ఉండును" అన్న మాట చదివినప్పుడల్లా నాకు మామ గుర్తొస్తాడు. నాయన దగ్గర నేను చూసింది ఒక్క రోజున ఒక్క గడిలో రాసిన తెగువ. మామ దగ్గర చూసింది ప్రతి ఆదివారం తీసిన తలుపు. ఏది గొప్పదని తూచే పని నాకు అప్పజెప్పలేదు.

మామ రిటైరయ్యాక ఎక్కువ కాలం లేడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. సమాధుల తోట దగ్గర చిక్కు వచ్చింది. సర్టిఫికెట్టులో ఒక పేరు, చర్చి రిజిస్టరులో ఇంకొకటి. అయ్యగారు ఉత్తరం రాసిచ్చి ఆ చిక్కు తీర్చారు. సిలువ మీద పేరు రాసే పెయింటరు ఏం రాయాలని అడిగితే, పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెన్షను, ఉద్యోగం, ఎవరైనా చూస్తారేమోనన్న టెన్షన్. నాయన వాళ్ళను తొందరపెట్టలేదు. పెద్దకొడుకే ముందుకొచ్చి చెప్పాడు, బాప్తిస్మంలో పెట్టిన పేరే రాయమని. ఆఫీసులో నలభై ఏళ్ళ దగ్గరదగ్గర ఎవరూ పిలవని పేరు. కింద వాక్యం ఏది అని పెయింటరు అడిగితే నాయన చెప్పాడు: "మంచి పోరాటము పోరాడితిని, నా పరుగు కడముట్టించితిని, విశ్వాసము కాపాడుకొంటిని." అప్పట్లో తీర్మానం పెట్టిన పెద్దమనిషి కూడా అక్కడే ఉన్నాడు. మట్టి వేసినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆయనే.

నాయన కూడా వెళ్ళిపోయి చాలా కాలమైంది. షెడ్డు పోయి కాంక్రీటు కట్టడం వచ్చింది, చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి. ఆ గడి మాత్రం అలాగే ఉంది. క్రైస్తవులైన దళితుల సంగతి పరిశీలించమని 2022లో కేంద్రం ఒక కమిషన్ వేసింది. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, క్రైస్తవ విశ్వాసంలో ఉంటూ రిజర్వేషన్ కోసమే హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చెయ్యడమేనంది. ఆ వార్త వచ్చిన రోజు మా సంఘంలో చాలామంది ఇళ్ళల్లో దీపం ఆర్పకుండా కూర్చున్నారని నాకు తెలుసు.

మొన్న తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. వాడి కూతుర్ని బడిలో చేర్చాలి. "అత్తా, నన్నేం రాయమంటావు?" అని అడిగాడు. నేనైతే మీ తాత రాసిందే రాస్తాను అన్నాను. ఎందుకో కూడా చెప్పాను. నా దగ్గర ఉన్న ప్రతి మంచిదీ ప్రభువు పేరుతోనే వచ్చింది, ఆ పేరు ఒక్క చోట దాచినా నాకు నిద్ర పట్టదు. కానీ పాప నీది, ఖర్చు నీది. నువ్వు ఇంకోలా రాస్తే నీ మీద నేను కూటం పెట్టను, పెట్టనివ్వను. ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఆయన్నడుగు, మీ ఆవిడతో మాట్లాడు, తరవాత పెన్ను తీసుకో అన్నాను. ఏది రాసినా ఆదివారం పాపను ఎనిమిదింటికల్లా తీసుకురమ్మన్నాను. చిన్నపిల్లల క్లాసు నాదే. తాళం ఇప్పుడు మామ మనవడి దగ్గర ఉంటుంది, వాడు ఏడున్నరకే తీస్తాడు.